నీలం నిలిచిన గాజుగొట్టం

నవనీత ల్యాబ్‌లోకి వచ్చేసరికి కిటికీ పక్కన స్టాండుకి బిగించిన గాజుగొట్టం నీలంగా ఉంది. ముందురోజు సాయంత్రం అందులో పోసింది లేత పసుపు ద్రావణం. బ్యాగు భుజం మీంచి దించకుండానే దగ్గరికెళ్ళింది. బయటి ఆకాశమేమైనా గాజులో కనిపిస్తోందా అని చెయ్యి అడ్డం పెట్టి చూసింది. లేదు. రంగు లోపలిదే. నీళ్ళలో సిరా కలిపినట్టు, అడుగు నుంచి పైదాకా ఒకే తీరుగా ఉంది.

అది కరోనాకి రెండేళ్ళ ముందు, చలికాలం. గచ్చిబౌలి దాటాక ఐటీ కంపెనీల అద్దాల మేడలు పలచబడేచోట ఉన్న ఒక పరిశోధనా సంస్థలో ఆమె పీహెచ్‌డీ చేస్తోంది. ఆ పొద్దున ఇంకా ఎవరూ రాలేదు. నవనీత స్టూలు లాక్కుని ఆ గొట్టం ఎదురుగా కూర్చుని, ఫోన్‌తో ఒక ఫొటో తీసి, మళ్ళీ చూస్తూ కూర్చుంది.

సాయంత్రం మూసాపేటలో ఇంటికెళ్ళాక తండ్రికి చెప్పకుండా ఉండలేకపోయింది. తండ్రి మల్లయ్య మాదాపూర్‌లో ఒక ఆఫీసు గేటు దగ్గర సెక్యూరిటీ పని చేసేవాడు. జనగామ వైపు నుంచి వచ్చి, చాలా ఏళ్ళుగా ఆ ఇంట్లోనే కిరాయికి ఉంటున్నారు.

"గంత సంబురమేంది బిడ్డా? ఏమయింది?" అన్నాడు అన్నం కలుపుకుంటూ.

"మేమొక అణువును తయారుచేసినం బాపు. పంజరం లెక్క లోపల ఖాళీగ ఉంటది. నీళ్ళల్ల ఏస్తే, నీళ్ళంటే పడని ఇంకో చిన్న అణువు పోయి దాంట్ల కూసుంటది. పెద్దదాన్ని హోస్ట్ అంటం, లోపల కూసున్నదాన్ని గెస్ట్ అంటం."

"ఇల్లుగలాయన, చుట్టం."

"ఆ, గంతే. వెలుతురు పడంగనే చుట్టం దగ్గరున్న ఎలక్ట్రాన్ ఒకటి ఇల్లుగలాయన దగ్గరికి దుంకుతది. కానీ కన్ను మూసి తెరిచేలోపల్నే మళ్ళ వాపసు వస్తది. వాపసు వస్తే దాంతోని ఏ పని చేయించలేం. చెట్ల ఆకులు ఎండతోని ఎట్ల బతుకుతున్నయి? గా ఎలక్ట్రాన్‌ను వాపసు రానియ్యకుండ ముందుకు పంపుతయి. మాకు గదే చేతనైతలేదు. ఇయ్యాల మాత్రం అది వాపసు రాలే. నేను ఇంటికి బయలెల్లేదాక నీలంగనే ఉంది."

"ఇచ్చిన చుట్టమే ఊకున్నడు, నడుమ నీకేం బాధనే?" అని మల్లయ్య నవ్వాడు. తల్లి కొమురమ్మ కూడా నవ్వి, కూతురి పళ్ళెంలో ఇంకో గరిటె కూర వేసింది. ఆ తర్వాత చాలా రోజులు డ్యూటీ నుంచి వచ్చి బూట్లు విప్పుతూ మల్లయ్య అడిగే మొదటి మాట అదే: "ఎట్లున్నది బిడ్డా మన నీలం?"

నవనీత గైడు వీరలక్ష్మి గారిది అమలాపురం. ల్యాబ్‌లో అందరికీ ఆవిడంటే భయం, నవనీతకి మాత్రం భయంతో పాటు ఇంకేదో కూడా ఉండేది. చేరిన కొత్తలో నలుగురి ముందూ ఇంగ్లిషులో మాట్లాడాలంటే ఆమెకి గొంతు పెగిలేది కాదు. వీరలక్ష్మి గారు ఖాళీ సెమినార్ హాల్లో వెనక బెంచీలో ఒక్కరే కూర్చుని, "నాకు వినిపించడం లేదమ్మా, ఇంకోసారి," అంటూ వారాల తరబడి చెప్పించారు. హాస్టల్‌లో ఉండే పిల్లలకి పంచినట్టే, ఇంట్లో ఉండే నవనీతకీ మాగాయ సీసా ఇచ్చేవారు.

ఆ నీలం చూడ్డానికి ఆవిడ గొట్టం మీదికి వంగారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"గాలి ఎలా తీశావు?"

"ఆర్గాన్ సిలిండర్ అయిపోయింది మేడం. అందుకని పాత పద్ధతిలో చేశాను. గడ్డకట్టించి, పంపుతో గాలి లాగేసి, కరిగించి, మళ్ళీ గడ్డకట్టించి... ఆఖరికి గొట్టం మూతి మంటలో కరిగించి మూసేశాను."

"ఓపికున్నదానివే." ఆవిడ గొంతులో సంతోషం దాగలేదు. "దీన్ని కొలవాలి. లోపల ఎలక్ట్రాన్ ఎక్కడుందో కాగితం మీదికి రావాలి. అప్పుడే మనం చూసినట్టు."

కొలిచే యంత్రంలో గుండ్రటి గొట్టం పట్టదు. ద్రావణాన్ని పలకలు తీరిన చిన్న గాజు డబ్బీలోకి మార్చాలి. నవనీత కాసేపు తటపటాయించింది. దీన్ని ఇలాగే ఉంచి ఇంకోటి చేస్తాను మేడం అందామనుకుంది. పంజరం అణువు మిగిలింది చిటికెడు కూడా లేదు, కొత్తది చెయ్యడానికి నెలలు పడుతుంది. ఆ మాట చెప్పి ఆపొచ్చు. ఆపలేదు. ఆవిడ ముఖంలో ఆ వెలుగు చూస్తూ ఆపాలనిపించలేదు. గొట్టం మెడ విరిచి, గాలి సోకకుండా పక్క ల్యాబ్‌లో అడిగి తెచ్చిన ఆర్గాన్ వాయువు వదులుతూ జాగ్రత్తగానే వంచింది. ద్రావణం డబ్బీలోకి జారుతుండగానే నీలం పలచబడింది. యంత్రం మూత వేసేసరికి నీలం జాడే లేదు. గాలిలోని ఆక్సిజన్ అందుకుంటే ఆ ఎలక్ట్రాన్ దాంతో వెళ్ళిపోతుందని ఇద్దరికీ తెలుసు.

"పోనీలే, ఇంకోటి చేసుకుందాం," అన్నారు వీరలక్ష్మి గారు తేలిగ్గా. "ఒకసారి వచ్చింది మళ్ళీ రాదా?"

రాలేదు.

కొత్తగా పంజరాన్ని తయారుచేశారు. ఆర్గాన్ సిలిండర్ వచ్చింది. గాలి లాగే పంపు అప్పుడే చెడిపోయి బాగుచేయించడానికి బయటికి వెళ్ళింది. దానికోసం ఆగకుండా ఆర్గాన్‌తోనే ద్రావణంలోని గాలిని తరిమేసి, దీపం కింద పెట్టారు. పసుపు పసుపుగానే ఉండిపోయింది. దీపం మార్చారు, నీళ్ళు మార్చారు, గెస్ట్‌ని మార్చారు. నవనీత ఒకసారి, "పాత పద్ధతిలోనే చేస్తే ఎట్లుంటది మేడం? పంపు వచ్చినంక?" అని అడిగింది.

"ప్రపంచమంతా ఆర్గాన్‌తోనే చేస్తోందమ్మా. పద్ధతి మారిస్తే పోయే ఫలితమైతే అది ఫలితమే కాదు," అన్నారావిడ. ఆ మాట న్యాయంగానే తోచింది నవనీతకి.

ఈలోగా ఇంకో సంగతి జరిగిపోయింది. బెంగుళూరులో ఒక పెద్ద సదస్సులో వీరలక్ష్మి గారు ఆ ఫొటో చూపించి మాట్లాడారు. పూర్తి వివరాలు త్వరలోనే ఇస్తామన్నారు. జనం లేచి చప్పట్లు కొట్టారు. నెలలు గడిచాయి. వివరాలేవని ఉత్తరాలు రావడం మొదలైంది. వీరలక్ష్మి గారు దాచుకునే మనిషి కాదు. మరుసటి సమావేశం కూడా బెంగుళూరులోనే జరిగితే నవనీతని వెంటబెట్టుకుని వెళ్ళి, వేదిక మీద నిలబడి, "మేము మళ్ళీ చేసి చూడలేకపోయాం. బహుశా ఏదో మలినం వల్ల వచ్చిన రంగు. ఆ ఫలితాన్ని వెనక్కి తీసుకుంటున్నాం," అని చెప్పేశారు. హాల్లో ఎవరో వెనక్కి తిరిగి నవనీత వైపు చూశారు. ఆమె తల వంచుకుని పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

శంషాబాద్ విమానాశ్రయం నుంచి క్యాబ్‌లో తిరిగొస్తున్నారు. గచ్చిబౌలి మలుపు దగ్గర సిగ్నల్ పడింది. అప్పుడు వీరలక్ష్మి గారు కిటికీలోంచి చూస్తూనే అన్నారు, "నీకు కావలసింది నీకు కనిపించిందమ్మా. నాకు కావలసింది నువ్వు చూపించావు. ఇద్దరిదీ తప్పే."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నవనీత ఎదురు చెప్పేదేమో. నేను చూశాను మేడం, మీరూ చూశారు కదా అని గొంతుదాకా వచ్చింది. సిగ్నల్ మారింది. క్యాబ్ కదిలింది.

ఆ రోజు మల్లయ్య బూట్లు విప్పుతూ ఎప్పటిలాగే అడిగాడు. "ఇంకెప్పుడు గా మాట అడగకు బాపు," అంది. ఆయన మళ్ళీ అడగలేదు.

పంపు బాగై వచ్చింది. ల్యాబ్‌లో మూల బల్ల మీద పెట్టారు. నవనీత రోజూ దాని పక్కనుంచే వెళ్ళేది. ఒక పూట కూర్చుంటే చాలు, పాత పద్ధతిలో చేసి చూడొచ్చు. మేడంకి చెప్పనక్కర్లేదు కూడా. కానీ చేస్తే, అప్పుడు కూడా రాకపోతే? చెయ్యనంతకాలం ఆ పొద్దున చూసింది కాస్తయినా తనదిగా మిగిలి ఉంటుంది. చేస్తే అదీ పోతుంది. రేపు చూద్దాం, వచ్చేవారం చూద్దాం అనుకుంటూ ఉండగానే లాక్‌డౌన్ వచ్చి ల్యాబ్‌కి తాళం పడింది. తెరిచేనాటికి ఆమె ఫెలోషిప్ గడువు అయిపోవచ్చింది. ఇంకొంతకాలం పొడిగించమని రాస్తానని వీరలక్ష్మి గారు అన్నారు. వద్దు మేడం, ఉద్యోగం చూసుకున్నాను అంది నవనీత. ఆవిడ బలవంతపెట్టలేదు.

ఉద్యోగం మాదాపూర్‌లో, పేటెంట్లు వెతికిపెట్టే ఒక కంపెనీలో. విదేశాల్లో ఏదో సంస్థ కొత్త పదార్థం తయారుచేశామంటుంది. అలాంటిది ఎవరైనా ఎక్కడైనా ముందే చేశారా అని ప్రపంచంలోని కాగితాలన్నీ గాలించి చెప్పాలి. నవనీతకి ఆ పని బాగానే వచ్చింది. పెళ్ళయింది. భర్త దినేష్ బ్యాంకు ఉద్యోగి, ఇల్లు బాచుపల్లిలో, ఒక పాప. పొద్దున కంపెనీ క్యాబ్, సాయంత్రం కంపెనీ క్యాబ్. ల్యాబ్ సంగతి దినేష్‌తో కూడా ఎక్కువ మాట్లాడేది కాదు.

కిందటి ఏడాది ఒక మధ్యాహ్నం అలా వెతుకుతుంటే ఒక వ్యాసం తెర మీదికి వచ్చింది. ఎక్కడో యూరప్‌లో ఒక బృందం రాసింది. వాళ్ళ పంజరం కొంచెం వేరు, గెస్ట్ వేరు. వెలుతురు పడితే ఎలక్ట్రాన్ గెస్ట్ నుంచి హోస్ట్‌కి వెళ్ళి అక్కడే రోజుల తరబడి ఉండిపోతోందట. పక్కనే గాజుగొట్టం బొమ్మ, నీలంగా. లేశమాత్రం గాలి మిగిలినా రంగు రాదని, గడ్డకట్టించి పంపుతో లాగితేనే పూర్తిగా పోతుందని కింద చిన్న అక్షరాల్లో రాశారు.

నవనీత ఆ పేజీ మూసేసింది. కాఫీ మిషను దాకా వెళ్ళి, కప్పు తీసుకోకుండానే తిరిగొచ్చింది. పక్క సీటులోని అమ్మాయి "ఒంట్లో బాలేదా?" అని అడిగితే ఏసీ ఎక్కువైందంది. ఆ రోజు చెయ్యాల్సిన పనంతా పూర్తి చేసే ఇంటికెళ్ళింది.

కొన్ని వారాల తర్వాత రిసెప్షన్ నుంచి ఫోన్ వచ్చింది, ఎవరో వీరలక్ష్మి గారట, కింద ఉన్నారని. లిఫ్టులో దిగి వచ్చేసరికి ఆవిడ విజిటర్ల సోఫా అంచున, మెడలో వేసిన పాస్ తాడు సరిచేసుకుంటూ కూర్చుని ఉన్నారు. జుట్టు పూర్తిగా నెరిసింది. మెట్రోలో రాయదుర్గం దాకా వచ్చి ఆటో ఎక్కారట.

"ఫోన్ చేస్తే నేనే వచ్చేదాన్ని కదా మేడం."

"ఫోన్‌లో చెప్పే మాట కాదమ్మా."

రోడ్డవతల టీ కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు. ఆవిడ టీ పట్టుకుని తాగడం మర్చిపోయారు.

"యూరప్ వాళ్ళ పేపర్ చూశావా?"

"చూశాను."

"చూసి నాకు చెప్పలేదు."

నవనీత టీ గ్లాసు అంచు వేలితో తుడిచింది.

"నేనూ చూశాను. మర్నాడే రసజ్ఞ చేత చేయించాను. రసజ్ఞ అని కొత్తమ్మాయి, నీ బల్ల దగ్గరే కూర్చుంటుంది. పంపుతో గాలి తీసి చేస్తే నీలం వచ్చింది. అదే రోజు, అదే ద్రావణం, ఆర్గాన్‌తో చేస్తే రాలేదు. అప్పుడు బీరువా జరిపించాను. సిలిండర్ నుంచి వచ్చే రబ్బరు పైపు దాని వెనకనుంచి కదా వెళ్ళేది. అక్కడ పగిలి ఉంది. చేత్తో వంచితే కనిపిస్తుంది." ఆవిడ ఖాళీ చేత్తో వంచి చూపించారు. "అన్నాళ్ళూ ఆర్గాన్‌తో పాటు గాలి కూడా వెళ్తూనే ఉంది. నేనెప్పుడూ వంచి చూడలేదు."

"నేనూ చూడలేదు మేడం."

"నువ్వు అడిగావు, పాత పద్ధతిలో చేద్దామని."

"ఒక్కసారే అడిగిన," అంది నవనీత. "పంపు వచ్చినంక నేనే చేసి చూడొచ్చు. రోజూ దాని పక్కనుంచే పోయిన. ముట్టుకోలే."

వీరలక్ష్మి గారు ఆమె వైపు చూసి, టీ గ్లాసు కింద పెట్టేశారు. "వాళ్ళకంటే చాలా ముందున్నామమ్మా మనం," అన్నారు మెల్లగా. "ఇప్పుడు మనం రాసినా, వాళ్ళు చెప్పింది నిజమేనని ఒప్పుకున్నట్టే ఉంటుంది, అంతే."

శనివారం నవనీత ల్యాబ్‌కి వెళ్ళింది. రసజ్ఞ చలాకీ పిల్ల. "రండక్కా," అని తీసుకెళ్ళి, పంజరం ఎలా కట్టుకుంటుందో, గెస్ట్ లోపలికి ఎందుకు వెళ్తుందో, వెలుతురు పడితే ఏమవుతుందో అన్నీ చెప్పుకుంటూ పోయింది. అవన్నీ ఒకప్పుడు నవనీత తలబద్దలు కొట్టుకుని తేల్చినవే. ఆపకుండా విన్నది. దీపం కింద గొట్టం నీలంగా ఉంది. అప్పటి రంగే. సంతోషం వస్తుందనుకుంది. రాలేదు. ఆ పొద్దున స్టూలు మీద కూర్చున్న అమ్మాయి మీద మాత్రం చెప్పలేనంత జాలి కలిగింది.

"మీరు అప్పుడే చూశారట కదా. ఎలా అనిపించిందక్కా?" అని రసజ్ఞ అడిగింది.

"గుర్తులేదురా," అంది నవనీత.

వీరలక్ష్మి గారు తన గదిలోకి పిలిచి తలుపు వేశారు. ఇంకో నెలలో ఆవిడ రిటైర్ అవుతున్నారు. "మళ్ళీ చేరు. పై వాళ్ళతో మాట్లాడాను, ఒప్పుకుంటారు. పాత పని లెక్కలోకి వస్తుంది. డాక్టరేట్ పూర్తవుతుంది."

"చేతులు మర్చిపోయాయి మేడం."

"చేతులదేముంది, రెండు వారాల్లో వచ్చేస్తుంది."

"చేతులు కాదు మేడం." నవనీత మాటలు వెతుక్కుంది. "అప్పుడు నా కళ్ళతోని చూసిన. మీరు కాదన్నరు. నాక్కూడా కాదనే అనిపించింది. అబద్ధం చూసిననేమో అనుకున్న. ఇన్నేండ్లు అట్లనే అనుకుంట బతికిన. ఇప్పుడు మళ్ళ వచ్చి ఏదన్న చూస్తే, నన్ను నేను నమ్ముతనా? నాకు తెల్వదు మేడం."

వీరలక్ష్మి గారు బల్ల మీది పేపర్ వెయిట్‌ని అటూ ఇటూ జరిపారు. కళ్ళజోడు తీసేశారు.

"నీ పేరు ముందు వేస్తాను వ్యాసంలో."

"రసజ్ఞది ముందు వెయ్యండి. ఆ పిల్ల భవిష్యత్తుకి పనికొస్తది. నాది ఎక్కడో ఒకచోట ఉంటే చాలు." తనే మళ్ళీ అంది, "ఒకటి మాత్రం చెయ్యండి. అప్పుడు బెంగుళూరులో అందరి ముందు వెనక్కి తీసుకుంటున్నామన్నరు కదా. అది తప్పని అట్లనే అందరి ముందు చెప్పండి."

"చెబుతాను," అన్నారావిడ. "నా వీడ్కోలు సభలో చెబుతాను. అప్పుడు ఉన్నవాళ్ళందరూ వస్తారు. నువ్వు రావాలి."

ఆ ఆదివారం మూసాపేట వెళ్ళినప్పుడు నవనీత తండ్రికి చెప్పింది. మల్లయ్య ఇప్పుడు డ్యూటీ మానేశాడు, మోకాళ్ళు సహకరించడం లేదు. మంచం మీద కూర్చుని అంతా విని, "నువ్వు జూసినవంటే జూసినవే. నేనెప్పుడన్న కాదన్ననా?" అన్నాడు.

"మరి అడుగుడు ఎందుకు బంజేసినవ్ బాపు?"

"నువ్వేనాయె వద్దన్నది."

ఆమెకి అప్పుడు ఏడుపొచ్చింది. ఆ ఇంట్లో, పాత కుర్చీలో కూర్చుని ఏడ్చింది. కొమురమ్మ కంగారుపడి నీళ్ళు తెచ్చింది. పాప వచ్చి మోకాలు పట్టుకుని నిలబడింది.

వీడ్కోలు సభ ఒక శుక్రవారం సాయంత్రం. నవనీత ముందే మేనేజర్‌కి చెప్పి పెట్టుకుంది. అయినా ఆ రోజు క్లయింటు కాల్ సాగింది. మధ్యలో లేచి వెళ్ళడానికి వీలున్న మాటలు కావవి, ఆ ఫైలు ఆమెదే. బయటపడి క్యాబ్ ఎక్కితే బయోడైవర్సిటీ చౌరస్తాలో కదలిక లేదు. దిగి నడుద్దామా అనుకుంది గానీ నడిచిపోయే దూరం కాదు. రసజ్ఞకి ఫోన్ చేస్తే తియ్యలేదు. వర్షం మొదలైంది. వైపర్లు ఆడుతుంటే ఎర్ర లైట్ల వరస అలాగే నిలబడి ఉంది.

ఆమె వెళ్ళేసరికి సెమినార్ హాల్లో కుర్చీలు మడిచి గోడకి ఆనిస్తున్నారు. బల్ల మీద పూలదండలు కుప్పగా ఉన్నాయి, సమోసాల అట్టపెట్టెలు ఖాళీగా ఉన్నాయి. రసజ్ఞ పరుగెత్తుకొచ్చింది. "అక్కా, ఇప్పుడా రావడం! మేడం మీ గురించే మాట్లాడారు. మీ ఫొటో కూడా తెర మీద వేశారు, ఆ గొట్టంది. అందరూ లేచి నిలబడ్డారు. ఆయనెవరో బెంగుళూరాయన మీరెక్కడున్నారని అడిగారు కూడా."

"వీడియో తీసినవా?"

రసజ్ఞ ముఖం చిన్నబోయింది. "లేదక్కా. తోచలేదు."

వీరలక్ష్మి గారు ముందు వరసలో ఒక్కరే కూర్చుని ఉన్నారు, ఒళ్ళో శాలువా మడతపెట్టుకుని. నవనీతని చూసి లేవబోయారు.

"కూర్చోండి మేడం. ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయిన."

"నువ్వు వచ్చేదాకా ఆగుదామన్నాను. అతిథులకి రైళ్ళున్నాయన్నారు. నిన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాలనుకున్నానమ్మా."

"చెప్పారట కదా, చాలు."

"చాలదు," అన్నారావిడ.

శాలువా పక్క కుర్చీలో పెట్టి, మోకాళ్ళ మీద చేతులానించి లేచి, మెల్లగా వేదిక దగ్గరికి నడిచారు. మైకు అప్పటికే తీసేశారు. కుర్చీలు సర్దేవాళ్ళు ఆగి చూశారు. నవనీత ఇంకా మడవని ఒక కుర్చీలో కూర్చుంది. తడిసిన చున్నీ ఒళ్ళో పెట్టుకుంది.

"ఇదే ఊళ్ళో, నా ల్యాబ్‌లో, నవనీత అనే విద్యార్థిని ఉండేది," అని మొదలుపెట్టారు వీరలక్ష్మి గారు. దగ్గి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదటినుంచి చెప్పసాగారు.